అతుకు వరస

వంటింటి అలమరలో కందిపప్పు డబ్బా కింద అమ్మ గీసిన గ్రాఫ్ కాగితం పరిచి ఉండటం చూడగానే భవితకు ఒళ్లు మండింది. ఆ ఒక్క డబ్బా కిందేనా? బెల్లం కింద, ఉప్పు జాడీ కింద, నూనె క్యాను కింద, ఎక్కడ చూసినా అవే. చీర కొంగుల కోసం చౌడేశ్వరమ్మ చిన్న చిన్న గళ్లలో రంగు పెన్సిళ్లతో నింపిన చిలకలు, మామిడి గుత్తులు, గోపురాలు నూనె మరకలు పట్టి, అంచులు చిరిగి పడున్నాయి.

"ఏందిమా ఇది?"

"పాత పేపర్లు అయిపోయినాయి పాపా. ఇవి ఊరికే పడుండాయి గదా అని పరిచినాను."

ఆ మాట ఏడుస్తూ అన్నా బాగుండేది. ఇంట్లో ఉల్లిపాయలు లేవన్నంత మామూలుగా అంది అమ్మ. నగరిలో ఆ నేతవీధిలో నేసిన ఏ చీర మీద ఏ పువ్వు పూసినా అది ముందు ఆవిడ పెన్సిలు కింద పూసిందే. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ గీస్తూనే ఉంది. అలాంటి మనిషి ఇప్పుడు పుత్తూరులో ఒక బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పనికి పోతోంది. తిరుపతిలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పిల్లలకు ప్రోగ్రాములు నేర్పే కూతురికి, సెలవు పెట్టి ఇంటికొచ్చి అలమర తెరిచేదాకా ఈ సంగతే తెలియదు. తెలిస్తే బాధపడుతుందని ఎవరూ చెప్పలేదట. మన ఇళ్లల్లో ఇదొక జబ్బు. చెప్పాల్సిన మాట తప్ప లోకంలో ఉన్న కబుర్లన్నీ ఫోన్లో చెబుతారు.

జరిగిందేమిటంటే, మరమగ్గం నెత్తిన కూర్చుని ఏ పోగు లేవాలో ఏ పోగు పడుకోవాలో చెప్పే యంత్రం ఒకటి ఉంటుంది. జకార్డ్ అంటారు. పూర్వం చిల్లులు పొడిచిన అట్టలతో నడిచేది. ఇప్పుడు దాని పక్కన ఒక ఇనప పెట్టె, పెట్టెలో ఒక చిన్న కంప్యూటరు. డిజైను పెట్టెకిస్తే, పెట్టె జకార్డుకు చెబుతుంది, జకార్డు పోగుల్ని పట్టుకున్న కొక్కేల్ని లేపుతుంది. వీధి వీధంతా ఈ పెట్టెల్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. వాటిని తయారుచేసిన ఎక్కడి కంపెనీయో ఒకరోజు చెప్పాపెట్టకుండా తలుపులు మూసుకుంది. పెట్టెల్లోని ప్రోగ్రాముకు గడువు తీరిపోయింది. లోపలున్న పాత డిజైన్లు నేస్తుంది గానీ, కొత్తది ఇచ్చామా, మూతి ముడుచుకుని కూర్చుంటుంది. పాత డిజైన్లు చూసి చూసి కొట్లవాళ్లకు మొహం మొత్తింది.

అప్పుడు పక్కింటి మురుగేష్ శాంతయ్య అనే బ్రోకర్ని వెంటబెట్టుకొచ్చాడు. జకార్డులన్నీ ఊడదీసి ఒకే లాటుగా ఇస్తే లారీలో వేసుకుపోతానన్నాడు శాంతయ్య. అవి పోయాక మగ్గాల మీద సాదా పంచెలు నేసుకోవచ్చు. పువ్వుతో పని లేదు, పెన్సిలుతో అసలే పని లేదు. ఆ వీధికి ఒక కట్టుబాటుంది. కొట్లవాళ్లు ఒక డిజైను ఇస్తే వీధి మొత్తానికీ ఇస్తారు, అందరూ ఒకటే నేస్తారు. కాబట్టి ఉంచుకుంటే అందరూ ఉంచుకోవాలి, అమ్మితే అందరూ అమ్మాలి. వీధంతా సరేనంది. శుక్రవారం ఎవరూ ఇంట్లోంచి ఇనప ముక్క కూడా బయటికి పోనివ్వరు కనక లారీని గురువారమే రమ్మన్నారు.

ఆ సాయంత్రం తమ తిన్నె మీద నలుగురూ కూర్చున్నప్పుడు భవిత లోపల్నుంచి వచ్చి నిలబడింది.

"ఆ పెట్టెలకు కొత్త ప్రోగ్రాం నేను రాస్తాను. అమ్మబాకండి."

మురుగేష్ నవ్వాడు. మంచివాడే, కానీ నోటికి తాళం లేనివాడు. "నువ్వు రాసేది సరే పాపా. అన్ని పెట్టెల్లో నడవాల. మీ నాయన పెట్టెలో ఒగదాంట్లో నడిస్తే, దానికి పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోవాలా?"

"అన్నిట్లో నడుస్తాది మామా."

"నడవకపోతే?"

"గురువారం నేనే నట్లు విప్పి ఇస్తాను."

వాళ్ల నాయన కోదండం ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనడు. చౌడేశ్వరమ్మ మాత్రం లోపల గిన్నెలు కాస్త గట్టిగా సర్దింది.

ప్రోగ్రాము రాసింది. ఎలా రాసిందో చెప్పుకుంటూ పోతే ఈ కథ తెమలదు. గ్రాఫ్ కాగితాన్ని ఫోటో తీసి ఇస్తే గళ్లు చదివి, ఒక్కొక్క వరసకూ ఏ కొక్కెం లేవాలో యంత్రానికి చెప్పే ప్రోగ్రాము. పెన్‌డ్రైవులో వేసుకుని తమ పెట్టెలో పెట్టింది. అమ్మ చేతి గోపురం అంచు కొక్కేల మీదుగా పోగుల్లోకి దిగి, గుడ్డ మీద లేచి నిలబడింది. కోదండం ఆ అంచును బొటనవేలితో రుద్ది చూసి "ఊ" అన్నాడు. ఆయనకు అది ఉపన్యాసం కింద లెక్క. మర్నాడు పొద్దున్నే చౌడేశ్వరమ్మ పెన్సిలు చెక్కుతూ కనబడింది. ఏం గీస్తున్నావంటే చెప్పలేదు. భవిత గర్వంగా పక్కింటికి నడిచింది.

గర్వం ఎక్కువసేపు నిలవలేదు. అదే పెన్‌డ్రైవు మురుగేష్ ఇంట్లో పెట్టెకు పెడితే, పెట్టె ఒక్క ముక్కలో జవాబిచ్చింది: ఫలానా లైబ్రరీ లేదు.

ప్రోగ్రాము రాయడం ఒక ఎత్తు, ముక్కలన్నీ ఒక్కటిగా అతకడం ఒక ఎత్తు. మనం రాసిన ముక్కలో 'ఇక్కడ బొమ్మ చదవాలి' అని ఉంటుంది. ఆ చదివే పని మనం రాయం, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన లైబ్రరీలో ఉంటుంది. మన దగ్గరున్న ఖాళీలోకి ఆ పనిని తెచ్చి అతికే పనిముట్టు పేరు లింకర్. దానికి బొత్తాలూ బొమ్మలూ ఏమీ ఉండవు. నల్ల తెర మీద పేర్లు ఒక వరసలో రాసిస్తే, ఆ వరసలోనే చదువుకుంటూ పోతుంది. మామూలుగా లైబ్రరీని లోపల కలపదు, పేరు మాత్రం రాసుకుంటుంది. వెళ్లిన చోట అది దొరుకుతుందిలే అని ధీమా. భవిత ల్యాప్‌టాప్‌లో దొరికింది, వాళ్ల నాయన పెట్టెలో దొరికింది. మురుగేష్‌ది అదే యూనిక్స్ అనే వ్యవస్థ మీద నడిచేదే గానీ పాతకాలపు పెట్టె, దాని దగ్గర లేదు. భోజనం పెడతారని చుట్టాలింటికి చేతులూపుకుంటూ పోతే, వాళ్లు ఇంటికి తాళం వేసుకుని ఊరికెళ్లినట్టయింది.

"సూసినావా," అన్నాడు మురుగేష్. "నీది నీ ఇంట్లోనే నడుస్తాది."

"రేపు సూడు మామా," అంది భవిత.

చుట్టాల్ని నమ్ముకోకుండా క్యారియర్ కట్టుకుని పోవాలి. అంటే లైబ్రరీ ముక్కల్ని ప్రోగ్రాము లోపలే అతికి పంపాలి. అప్పుడు ఏ పెట్టెలో ఏమున్నా లేకపోయినా దానికి దిగులుండదు. అలా అతకడమూ లింకరుకు తెలుసు, చెబితే చేస్తుంది. భవిత చెప్పింది. లింకర్ తెర నిండా ఫిర్యాదులు కుమ్మరించింది. బొమ్మ చదివే పని ఎక్కడా కనపడలేదు, వరస తిప్పే పని ఎక్కడా కనపడలేదు, అదీ లేదు, ఇదీ లేదు.

లేకపోవడమేమిటి! లైబ్రరీ అక్కడే ఉంది. పేరు సరిగ్గానే రాసింది. తెరిచి చూస్తే ఆ పనులన్నీ లోపల బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. మళ్లీ చెప్పింది, మళ్లీ అవే ఫిర్యాదులు. లైబ్రరీ పాడయిందేమోనని మొదటి నుంచీ తయారుచేసుకుంది. ఇంకో లైబ్రరీ తెచ్చింది. అన్నం తినమని అమ్మ పిలిస్తే కసురుకుంది, కసురుకున్నందుకు తనను తాను తిట్టుకుంది. గురువారం దగ్గర పడుతోంది. కళ్లెదురుగా వస్తువు పెట్టుకుని లేదు లేదంటుంటే మనిషికి పిచ్చెక్కదూ?

ఆ మధ్యాహ్నం కోదండం పడుగు అతుకుతున్నాడు. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల్ని ఊడపీకరు, కొసలు అలాగే వదిలేస్తారు. కొత్త పడుగును వెనక పెట్టుకుని, పాత కొసకొక కొత్త పోగు చొప్పున మెలిపెట్టి అతుకుతారు. భవితకు అక్షరాల కంటే ముందు వచ్చిన విద్య అది. ఆ ఇంట్లో ఏ పిల్లకైనా మొదట నేర్పే మాట ఒకటే: పాతది ముందర, కొత్తది వెనకాల. తెరను చూసీ చూసీ విసుగెత్తి ఆమె కూడా నాయన పక్కన కూర్చుని పోగులు మెలిపెట్టసాగింది. ఆ పని చేస్తుంటే మనసు కాస్త కుదుట పడుతుంది.

కుదుట పడ్డ మనసుతోనే ఒక ఆలోచన చేసింది. తిట్టుకుంటూ కూర్చునే బదులు, నువ్వు ఏ ముక్క దగ్గర ఏం చేస్తున్నావో చెబుతూ పో అని లింకర్నే అడగవచ్చు కదా. దానికీ ఒక మాట ఉంది. లేచి వెళ్లి ఆ మాట కలిపి మళ్లీ నడిపింది.

లింకర్ దాపరికం లేకుండా చెప్పింది. తెర మీద భవిత రాసిన ఫైలు పేరు వచ్చింది గానీ, లైబ్రరీలోంచి తీసుకున్న ముక్క ఒక్కటీ రాలేదు. అంత లైబ్రరీనీ తెరిచి, ఏమీ తీసుకోకుండా మూసేసింది.

భవిత తాను రాసిన ఆజ్ఞ వంక చూసింది. ముందర లైబ్రరీ పేరు. వెనకాల తన ఫైలు పేరు. పాతది ముందర, కొత్తది వెనకాల.

లింకర్ ఎడమ నుంచి చదువుకుంటూ వస్తుంది. లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి, ఇది కావాలి అని అడిగినవాళ్లు ఇంకా ఎవరూ లేరు. అడిగేవాళ్లు లేకపోతే ఎందుకు తీసుకోవాలి? వదిలేసి ముందుకు పోయింది. ఆ తర్వాత భవిత ఫైలు వచ్చి అది కావాలి, ఇది కావాలి అని గోల పెడితే, వెనక్కి తిరిగి చూసే అలవాటు దానికి లేదు. ఇన్నాళ్లూ ఈ తప్పు బయటపడలేదంటే, మామూలు అతుకులో ఆమె ల్యాప్‌టాప్ దీన్ని చూసీ చూడనట్టు వదిలేసింది కాబట్టి. తిరుపతిలో పిల్లలు ఈ తప్పు చేస్తే మార్కులు కోసే టీచరమ్మ, మగ్గం గదిలోకి వచ్చేసరికి చేతి అలవాటు కొద్దీ అదే తప్పు రాసేసింది. భవిత పైకే నవ్వింది. పేర్లు అటూ ఇటూ మార్చింది. లింకర్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. లింకర్ మాట్లాడలేదంటే పని అయినట్టే.

మురుగేష్ పెట్టెలో ప్రోగ్రాము నడిచింది. అతను నడుం మీద చేతులు పెట్టుకుని మగ్గాన్ని చూస్తూ నిలబడి, "రొంబ బాగుండాది పాపా," అన్నాడు. ఎగతాళి ఏమీ లేదు గొంతులో. బుధవారం పొద్దు గూకేసరికి వీధిలో అన్ని పెట్టెలూ దారికొచ్చాయి, ఒక్క ఆనందమ్మది తప్ప. ఆనందమ్మ వీధి చివరింటి ఆమె, మొగుడు పోయాక ఒక్కతే మగ్గం నడుపుకుంటోంది. కొండ మీద శ్రీవారి సేవకు పోయి ఉంది. ఇంటికి తాళం. ఫోను చేస్తే, "నాది కూడా అదే కంపెనీ పెట్టె గదమ్మా," అంది. లారీ వస్తే తిప్పి పంపొచ్చులే అనుకుని భవిత నిశ్చింతగా నిద్రపోయింది.

గురువారం భవిత టీ తాగుతుంటే మురుగేష్ పరుగెత్తుకొచ్చాడు. "లారీ ఆ కొస నుంచి వచ్చినాది. ఆనందమ్మ జకార్డు దించేస్తా ఉండారు!"

వెళ్లేసరికి ఆనందమ్మ మగ్గం బోసిగా ఉంది. దాని జకార్డ్ వాకిట్లో చాప మీద పడి ఉంది, పక్కన పెట్టె. శాంతయ్య మనుషులు చేతులు తుడుచుకుంటున్నారు. కొండ నుంచి పొద్దున్నే దిగొచ్చిన ఆనందమ్మ గడపలో కూర్చుని చూస్తోంది.

"ఆగండన్నా," అంది భవిత రొప్పుతూ. "ఈడ కూడా నడుస్తాది. సూపిస్తాను."

పెన్‌డ్రైవు పెట్టింది. పెట్టె జవాబును ఆమె రెండుసార్లు చదివింది. ఈ ప్రోగ్రాము రాతే తనకు తెలియదంది పెట్టె. పైన కంపెనీ పేరు అదే, లోపల చిప్పు వేరు. మిగతావి కంప్యూటర్ చిప్పులు, ఇది ఫోన్లలో వాడే జాతిది. క్యారియర్ కట్టుకొచ్చినా, వచ్చినవాడి భాషే ఈ ఇంట్లో ఎవరికీ రాదు.

భయం వేసింది భవితకు. నిజంగానే వేసింది. మిగతా వీధంతా నడుస్తున్నా, ఈ ఒక్కటి నడవకపోతే కట్టుబాటు ప్రకారం అన్నీ లారీ ఎక్కుతాయి. అమ్మ రేపు పుత్తూరు బస్సెక్కి చీరలు మడతపెట్టడానికి పోతుంది, ఆ పైన ఎప్పటికీ అంతే. మురుగేష్‌తో నట్లు నేనే విప్పి ఇస్తానన్న మాట కూడా గుర్తుకొచ్చింది.

"శాంతయ్యన్నా, ఎంతసేపు ఆగుతారు?"

"పొద్దు గూకే లోపల పుత్తూరు దాటాల తల్లీ. ఇంకా వీధంతా విప్పాల్సింది ఉండాది."

"ఇదయ్యేదాకా రెండోది విప్పబాకండి. అదొకటి సాయం చెయ్యండి."

శాంతయ్య వీధివాళ్ల మొహాలు చూశాడు, బీడీ తీసి పక్కకు పోయాడు. భవిత ఆనందమ్మ తిన్నె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆ జాతి చిప్పుల బోర్డులతోనే కాలేజీలో పిల్లలు ప్రాజెక్టులు చేస్తారు కాబట్టి, దాని భాషలోకి మార్చే కంపైలరు ఆమె దగ్గర ఉంది. ప్రోగ్రామును మార్చింది, అతకమంది. లింకర్ ఒప్పుకోలేదు. ఫైలు ఈ చిప్పుది, లైబ్రరీ ఆ చిప్పుది, రెంటికీ పొత్తు కుదరదంది. నిజమే, తొందరలో పాత లైబ్రరీనే ఇచ్చింది. అయితే దాన్నీ మొదటి నుంచి ఈ భాషలో తయారుచేయాలి. చేసింది. దానికి ఇంకో లైబ్రరీ కావాలంది. అదీ చేసింది. చుట్టూ జనం. ఎవరో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టారు, ఎవరో ఎండ పడకుండా దుప్పటి కట్టారు. ఎవరు చేశారో ఆమె తలెత్తి చూడలేదు. చివరికి ఆజ్ఞ రాసేటప్పుడు వేలు పెట్టి చూసుకుంది: ముందర అడిగే ఫైలు, దాని వెనక ఇచ్చే లైబ్రరీ, దాని వెనక ఆ లైబ్రరీకి ఇచ్చే లైబ్రరీ. ఎంటర్ నొక్కింది.

లింకర్ మాట్లాడలేదు.

"నాయనా, ఇంట్లోంచి వైరు లాగాల. జకార్డును చేత్తో తిప్పాల."

కోదండం అప్పటికే వైరు చుట్ట భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. పెట్టెకు కరెంటిచ్చారు. చౌడేశ్వరమ్మ ముందుకొచ్చి కొంగు చాటు నుంచి మడత పెట్టిన కాగితం తీసి కూతురికిచ్చింది. ఈ నాలుగు రోజులూ ఆవిడ గీసిన కొత్త డిజైను. భవిత ఫోటో తీసి పెట్టెలో పెట్టింది. కోదండం చాప మీద మోకాళ్లూని జకార్డు చక్రం పట్టుకుని మెల్లగా తిప్పాడు.

టకటకమని చప్పుడు. కింద పోగులు లేవు, గుడ్డ లేదు, ఉత్త గాలిలో కొన్ని కొక్కేలు లేచాయి, కొన్ని ఆగాయి. ఇంకో చుట్టు తిప్పితే ఇంకొన్ని లేచాయి. చూసేవాళ్లకు ఏమీ తెలియలేదు. చౌడేశ్వరమ్మ మాత్రం పక్కన గొంతుక్కూర్చుని కళ్లార్పకుండా చూస్తోంది.

"ఇది జామకొమ్మ," అంది. "ఇంకా కొమ్మే... ఇవి ఉడత కాళ్లు. తిప్పు. అది పొట్ట. ఇప్పుడు ఎడం పక్క తోక లేవాల."

కోదండం తిప్పాడు. ఎడమ పక్క చివరి కొక్కేలు బిలబిలా పైకి లేచాయి.

"వచ్చింది," అంది చౌడేశ్వరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. ఆవిడ తన బొమ్మ గురించి జనంలో మాట్లాడటం భవిత పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

శాంతయ్య బీడీ పారేసి దగ్గరికొచ్చాడు. "అంతా బాగుండాది. అయితే ఆయమ్మ మాట ఇచ్చింది. దించిన సరుకు నేను వదిలేదెట్ల?"

అందరూ ఆనందమ్మ వైపు తిరిగారు. ఆమె గడపలోంచి కదల్లేదు. భవిత వెళ్లి ఆమె ముందు కూర్చుంది.

"పెద్దమ్మా, నీకు అమ్మాలని ఉండాదా?"

ఆనందమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. "వీధంతా అమ్ముదామనింది. నేనొగదాన్ని అడ్డం పడేదెందుకని సరే అంటిని. నీకేం కావాలని నన్ను ఎవురడిగినారమ్మా?" అంది.

మురుగేష్ మెడ గోక్కున్నాడు. "కోదండమన్న గమ్మునుండె గదా, సరే అన్నట్టేనని నేనూ అనేస్తిని."

"నువ్వు బ్రోకర్ని తీసుకొస్తివి గదా అని నేను గమ్మునుంటిని," అన్నాడు కోదండం.

వీధి వీధంతా ఒకరి మొహం ఒకరు చూసి సరేనన్నవాళ్లే.

ఆనందమ్మ గడప పట్టుకుని లేచి నిలబడింది. "ఎత్తండప్పా దాన్ని," అంది.

శాంతయ్య మనుషులు వంగి జకార్డును రెండు పక్కలా ఎత్తి లారీ వైపు తిరిగారు.

"అటు యాడికి? ఈడికి తెండి. మగ్గం మీదికి."

వాళ్లు శాంతయ్య మొహం చూశారు. శాంతయ్య ఆనందమ్మ మొహం చూసి, ఇంటి వైపు చెయ్యి చూపించాడు. భవిత ల్యాప్‌టాప్ మూసి తిన్నె దిగి, ఆ ఇనప బరువుకు తానూ ఒక పక్క చెయ్యేసింది.